తేడా కొట్టని రంగు

2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. చెట్లు కూలి, కరెంటు స్తంభాలు ఒరిగిన అలాంటి రోజుల తర్వాత డెంటింగ్, పెయింటింగ్ షెడ్లకు చేతినిండా పని ఉంటుంది. తుపాను లేని ఏడాదైనా ఆ పనికి కొదవేమీ రాదు. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా సాగే 216 జాతీయ రహదారి రేపల్లె, బాపట్లల మీదుగానే పోతుంది. ధాన్యం ట్రాక్టర్లు, రొయ్యల లారీలు, సెలవు రోజున సూర్యలంక బీచికి బయల్దేరే కార్లు అన్నీ ఆ దారినే. ఇక తెనాలి సందుల్లో గోడకో ఆటోకో రాసుకోకుండా నాలుగేళ్లు నెట్టుకొచ్చిన కారు ఉంటే దాని యజమాని అదృష్టవంతుడు.

సొట్ట తీయడానికి ఓపిక కావాలి. చెయ్యి తిరిగిన మేస్త్రి దొరికితే రేకు దారికొస్తుంది. లప్పం పెట్టి, నీళ్లు కొడుతూ వాటర్ పేపరుతో రుద్ది, ప్రైమర్ కొట్టి నున్నగా చేశాక అరచేత్తో తడిమినా దెబ్బ తగిలిన చోటు తెలియదు. అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. కంపెనీ కోడ్ చూసి అదే రంగు తెప్పించి, మంచి గన్‌తో కొట్టించి, బండిని షెడ్డులోంచి ఎండలోకి తీయగానే ఇంట్లోవాళ్లు ఒకటే మాట అంటారు: “ఎక్కడో తేడా కొడుతోంది.”

అప్పుడు అనుమానం మేస్త్రి మీదికి పోతుంది. చవక రంగు కలిపాడనో, కోడ్ తప్పు చూశాడనో అనుకుంటాం. చాలాసార్లు ఆ అనుమానం అన్యాయం. ఇప్పటి కార్ల రంగు డబ్బాలో సగమే తయారవుతుంది. మిగతా సగం గన్ మూతి దాటి, రేకు మీద పడి, తడి ఆరేలోపు ఆ కొద్ది నిమిషాల్లో తయారవుతుంది. ఆ నిమిషాల్లో ఏం జరుగుతుందో తెలిస్తే మంచి పనికి ఎందుకు టైము పడుతుందో, పక్క డోరును ఎందుకు ముట్టుకోవాల్సి వస్తుందో కూడా తెలుస్తుంది.

ముందు కంపెనీ సంగతి చూద్దాం. మన రాష్ట్రంలోనే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. అక్కడైనా మరెక్కడైనా కార్ల ఫ్యాక్టరీలో జరిగే పని ఇంచుమించు ఒకటే. వట్టి ఇనుప బాడీని ఫాస్ఫేట్ ద్రావణంలో ముంచి, తర్వాత రంగు తొట్టెలో ముంచి కరెంటు పారిస్తారు. మూలమూలకీ చొచ్చుకుపోయి తుప్పును ఆపే ఈ పొర సుమారు 20 మైక్రాన్లు. దాని మీద ప్రైమర్ 30 నుంచి 35. ఆ పైన బేస్ కోట్ 15 మైక్రాన్లకు అటూ ఇటూ. అన్నిటికీ పైన మెరుపునిచ్చే క్లియర్ కోట్, 40 దాకా. అంతా కలిపితే మిల్లీమీటరులో పదో వంతు. అందులో మనం కారు రంగు అని చెప్పుకునేది ఆ 15 మైక్రాన్ల బేస్ కోట్ ఒక్కటే.

దాన్ని కొట్టేది రోబో. దాని చేతికి నిమిషానికి పదివేల చుట్లకు మించి తిరిగే గంట ఆకారపు మూతి ఉంటుంది. రంగు తుంపరకు విద్యుత్ ఆవేశం ఇచ్చి బాడీకి అంటుకునేలా చేస్తారు. గది ఉష్ణోగ్రత, తేమ ఏడాది పొడవునా ఒక్కలాగే ఉంచుతారు. ఆ తర్వాత 140 డిగ్రీల ఓవెన్‌లో కాలుస్తారు. అప్పటికి బాడీకి సీట్లు, వైర్లు, ప్లాస్టిక్ ఏవీ ఉండవు గనక అంత వేడి చెల్లుతుంది. రోడ్డెక్కిన కారును అలా కాల్చలేం. మంచి బూత్ ఉన్న వర్క్‌షాపులో కూడా 60 డిగ్రీల దగ్గర అరగంట, అంతే. అంత తక్కువ వేడికి గట్టిపడాలంటే రంగు రసాయనమే వేరుగా ఉండాలి, హార్డ్‌నర్ కలపాలి. కాబట్టి రిపేరుకు వాడే రంగు కంపెనీ రంగు కానే కాదు. వేరే సరుకుతో అదే రూపం తెప్పించాలి.

పాత అంబాసిడర్‌కు ఈ బాధ ఇంతగా లేదు. 1957 నుంచి 2014 దాకా తయారైన ఆ కారు మన కళ్లలో తెల్లగానే మిగిలింది. మెరుపు పలుకులు లేని రంగును ఏ వైపు నుంచి చూసినా ఒకేలా కనిపిస్తుంది. ఒక పానెల్ వేసి, రుద్ది, పాలిష్ పెడితే పాతదానితో కలిసిపోయేది. చిక్కంతా మెటాలిక్ రంగులతో వచ్చింది.

నిజాంపట్నం రేవులో అప్పుడే దించిన చేపను చేతిలో అటూ ఇటూ తిప్పి చూడండి. ఒక వాలులో తళుక్కుమంటుంది, కాస్త తిప్పితే బూడిద రంగుకు మారుతుంది. దాని ఒంటి మీద గ్వానిన్ అనే పదార్థం పల్చటి పలకలుగా పేర్చి ఉంటుంది. ఒక్కో పలక ఒక్కో అద్దం. కృత్రిమ ముత్యాలకు ఒకప్పుడు చేప పొలుసుల నుంచి తీసిన ఈ గ్వానిన్‌నే పూసేవాళ్లు. వెండి రంగు కారులో ఆ పని చేసేది అల్యూమినియం. పది నుంచి ముప్పై మైక్రాన్ల వెడల్పు, ఒక మైక్రానుకు లోపే మందం ఉన్న పలుకులు బేస్ కోట్ నిండా ఉంటాయి. వెలుతురు వాటి మీద పడి మన కంటివైపు తిరిగితే రంగు లేతగా మెరుస్తుంది. వేరే వైపు పోతే ముదురుగా కనిపిస్తుంది. అంటే వెండి రంగు ఏ ఛాయలో కనిపించాలో నిర్ణయించేది పలుకులు ఎన్ని ఉన్నాయన్నదొక్కటే కాదు, అవి ఎలా పడుకున్నాయన్నది కూడా. డబ్బా మీది ఫార్ములా మొదటిది మాత్రమే చెబుతుంది. రెండోది మేస్త్రి చేతిలో ఉంది.

రంగును తడిగా కొడితే థిన్నర్ ఆవిరి కావడానికి ఎక్కువసేపు పడుతుంది. అంతసేపూ పలుకులు పొరలో తేలుతూ, సుడి తిరుగుతూ ఉంటాయి. చాలావరకు ఏటవాలుగానో నిలువుగానో ఆగిపోతాయి. అలాంటి పానెల్‌ను ఎదురుగా నిలబడి చూస్తే ముదురుగా, పక్కనుంచి చూస్తే లేతగా ఉంటుంది. పొడిగా కొడితే ఇది తలకిందులవుతుంది. తుంపర రేకును చేరేసరికే సగం ఆరిపోతుంది. పలుకులు పడ్డవి పడ్డట్టే బల్లపరుపుగా అతుక్కుపోతాయి. అది ఎదురుగా లేత, పక్కనుంచి ముదురు.

ఇప్పుడు ఆ ‘తడి’, ‘పొడి’ తేడా తెచ్చేవి ఎన్ని ఉన్నాయో చూడండి. గన్‌ను ఒక జానెడు దూరంలో పట్టుకున్నాడా, జానెడున్నరలోనా. గాలి ఒత్తిడి పెంచాడా తగ్గించాడా. చెయ్యి వేగంగా కదిలిందా నింపాదిగానా. థిన్నర్ ఎంత కలిపాడు, ఏ రకం కలిపాడు. ఒక కోటుకీ ఇంకో కోటుకీ మధ్య ఎంతసేపు ఆగాడు. ఒకే డబ్బాలోని రంగును ఇద్దరు మేస్త్రులు చెరో డోరుకు కొడితే రెండు ఛాయలు రావడంలో వింతేమీ లేదు. తెలిసిన మేస్త్రి దీన్నే పనిముట్టుగా మార్చుకుంటాడు. పక్క పానెల్ కంటే కొత్తది కాస్త ముదురుగా వస్తోందనిపిస్తే డబ్బా జోలికి పోకుండా, ఒత్తిడి కొద్దిగా పెంచి, గన్ కాస్త దూరం జరిపి చివరి కోటు పల్చగా చల్లుతాడు. రంగు లేతబడుతుంది. ఈ పని పక్కన నిలబడి చూసినవాళ్లకు గాలిలో చెయ్యి ఊపినట్టే ఉంటుంది. నిజానికి అక్కడ లక్షలాది అల్యూమినియం అద్దాల వాలు మారుతోంది.

డెల్టా వాతావరణం ఈ లెక్కను ఇంకా ముడిపెడుతుంది. మే నెల మధ్యాహ్నం 2 గంటలకు, ఎండ 40 దాటిన రోజున, రేకు చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటుంది. థిన్నర్ దారిలోనే ఎగిరిపోతుంది. రంగు పొడిగా పడుతుంది, లేతగా వస్తుంది. అదే రంగు జనవరి పొద్దున్నే కొడితే తడిగా పడి ముదురుతుంది. అందుకే థిన్నర్లలో త్వరగా ఆరేవి, నిదానంగా ఆరేవి వేరువేరుగా అమ్ముతారు. ఎండాకాలంలో నిదానం రకం వాడాలి. ధర తక్కువని ఏడాదంతా ఒకే థిన్నర్‌తో నెట్టుకొచ్చే చోట రంగు కలవకపోవడానికి మొదటి కారణం అదే.

వేడికంటే తేమ ఇంకా మొండిది. బాపట్ల, రేపల్లెలకు సముద్రం దగ్గర. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి లోపలికి వస్తుంది. ఒళ్లు చల్లబడుతుంది గానీ గాలిలో నీరు పెరుగుతుంది. గాలి 30 డిగ్రీలు, తేమ 85 శాతం ఉందనుకుందాం. అప్పుడు ఏ వస్తువైనా 27 డిగ్రీలకు చల్లబడితే చాలు, దాని మీద నీటి చెమ్మ చేరుతుంది. అంటే మూడు డిగ్రీల ఎడమే ఉంది. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు వేడిని రేకు నుంచే లాక్కుంటుంది గనక ఆ మూడు డిగ్రీలు దిగడం పెద్ద విషయం కాదు. తడి రంగు మీద కంటికి కనిపించని చెమ్మ దిగి, ఆరాక పొర మసకబారి తెల్లగా పాలిపోతుంది. రేకు వేడి ఎప్పుడూ చెమ్మ చేరే ఉష్ణోగ్రత కంటే కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలని పెయింటింగ్‌లో ఒక నియమం ఉంది. మన తీరంలో వానాకాలం సాయంత్రాలు ఆ నియమానికి లొంగవు. తొమ్మిది, పదింటికి మొదలుపెట్టి గాలి బరువెక్కకముందే క్లియర్ కోట్ ముగించే షెడ్డు మంచి షెడ్డు. “ఈ సాయంత్రానికే ఇచ్చెయ్యాలి” అని మేస్త్రిని తరిమే యజమాని తన బండికి తానే కీడు చేసుకుంటున్నాడు.

నీళ్లు ఇంకో దారిన కూడా వస్తాయి. కంప్రెసర్ ట్యాంకు కింద చిన్న కుళాయి ఉంటుంది. ఉక్కగా ఉన్న రోజు దాన్ని తిప్పితే తుప్పు రంగు నీళ్లు బుస్సుమని చిమ్ముతాయి. గాలిని నొక్కిపెట్టినప్పుడు అందులోని తేమ నీరుగా మారి అడుగున చేరుతుంది. రోజూ పొద్దున్నే ఆ నీళ్లు వదలకపోతే అవి పైపులోంచి గన్‌లోకి, గన్‌లోంచి రంగులోకి వస్తాయి. క్లియర్‌లో కలిపే హార్డ్‌నర్ ఐసోసైనేట్ జాతి రసాయనం. నీటితో కలిస్తే అది కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఆ వాయువు గట్టిపడుతున్న పొరలో సన్నని బుడగలుగా చిక్కుకుపోతుంది. బండి ఇవ్వబోయే షెడ్డు ఎలాంటిదో తెలుసుకోవాలంటే గోడ మీది షేడ్ కార్డులకంటే ఆ కుళాయిని, గాలి పైపుకున్న ఫిల్టరును చూడటం మేలు.

డబ్బాలో తయారయ్యే సగం సంగతికి వద్దాం. రంగు కోడ్ చాలా కార్లలో డ్రైవర్ డోరు తీస్తే స్తంభం మీదో, బానెట్ కిందో అంటించిన పట్టీ మీద ఉంటుంది. మిక్సింగ్ సెంటర్‌లో ఆ కోడ్ కొడితే ఫార్ములా వస్తుంది. తూకం మీద డబ్బా పెట్టి, గ్రాములో పదో వంతు దాకా చూస్తూ ఒక్కో మూల రంగు వంపుతారు. అయితే ఒక్క కోడ్‌కు ఒక్క రంగే ఉంటుందనుకోవడం పొరపాటు. ఫ్యాక్టరీలు మారతాయి, రంగు సరఫరా చేసేవాళ్లు మారతారు, బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ చిన్న తేడాలుంటాయి. అందుకని ఒకే కోడ్ కింద కాస్త పచ్చ తిరిగినవి, కాస్త ఎరుపు తిరిగినవి, ముతక పలుకులవి, సన్నవి అంటూ రెండు మూడు ఉపఛాయలుంటాయి. మీ కారుది వాటిలో ఏదో పోల్చి చూస్తేగానీ తేలదు.

పోల్చడానికి మొత్తం కారునే తీసుకెళ్లనక్కర్లేదు. పెట్రోలు పోసేచోట ఉండే మూతను విప్పి పట్టుకెళితే చాలు. రేపల్లెలో కారు ఉండి, మిక్సింగ్ తెనాలిలోనో గుంటూరులోనో జరిగేటట్టయితే ఆ మూత చేతిసంచిలో రైలెక్కి పోతుంది. కారుతో పాటే ఎండకు ఎండి, వానకు తడిసి, అంతే వయసు మీద పడ్డ ముక్క అది. దాన్ని ముందు కడిగి, పాలిష్ పెట్టాలి. పాత పొర మీద చేరిన దుమ్మూ, ఎండకు పాలిపోయిన పై మెరుపూ పోకముందు పోలిస్తే, పోల్చేది మురికితో అవుతుంది.

తెలుపు తేలిక అనుకుంటారు. రిపేరు పనిలో ఏడిపించేవాటిలో అది ముందుంటుంది. తెల్ల రంగుకు మూలం టైటానియం డయాక్సైడ్. శ్రీకాకుళం, భీమునిపట్నం తీరాల నల్ల ఇసుకలో ఉండే ఇల్మనైట్ నుంచి తీసే పదార్థమే. కారు తెలుపు మాత్రం వట్టి తెలుపు కాదు. అందులో రవ్వంత నలుపు, రవ్వంత పసుపు ఉంటాయి. కిలో తెలుపులో ఒక చుక్క నలుపు ఎక్కువైతే ఆ డోరు మబ్బు పట్టినట్టు కనిపిస్తుంది. చుక్క పసుపు పెరిగితే పాతబడినట్టుంటుంది. ముదురు నీలంలో ఆ చుక్కను ఎవరూ పట్టుకోలేరు.

ముత్యపు తెలుపు మరీ కష్టం. అందులో మెరిసేది లోహం కాదు, కాకిబంగారం. మన గూడూరు గనులకు పేరు తెచ్చిన అభ్రకమే. దాని పలుకులకు టైటానియం డయాక్సైడ్ పూత పూస్తారు. ఆ పూత మందం నానోమీటర్లలో మారేకొద్దీ పూత పై అంచు నుంచి, కింది అంచు నుంచి తిరిగొచ్చే వెలుతురు ఒకదానితో ఒకటి కలిసి బంగారు ఛాయో నీలి ఛాయో పుడుతుంది. ఇలాంటి రంగు మూడు పొరల్లో వస్తుంది. అడుగున తెలుపు, మధ్యలో ముత్యపు పొర, పైన క్లియర్. మధ్య పొర రెండు కోట్లు పడితే ఒక ఛాయ, మూడు పడితే ఇంకో ఛాయ. అందుకే జాగ్రత్తగల మేస్త్రి ముందు ఒక రేకు ముక్క మీద ఒక కోటు, రెండు కోట్లు, మూడు, నాలుగు అని పట్టీలుగా కొట్టి, క్లియర్ వేసి ఆరబెట్టి, ఏ పట్టీ కారుతో కలుస్తుందో చూసి అప్పుడు బండి మీద గన్ పెడతాడు. ఆ రేకు ముక్కకు పట్టే గంట, గంటన్నర వృథా అనుకోకండి. మీరు కట్టే డబ్బులో ఎక్కువ విలువ దానికే.

ఇంత చేసి షెడ్డులో సరిగ్గా కలిసిన రంగు, బయటికి రాగానే ఎందుకు విడిపోతుంది? కంటిలో రంగును గుర్తించే శంకు కణాలు మూడు రకాలు. ఏ రంగునైనా అవి మూడు సంకేతాలుగా కుదించి మెదడుకు పంపుతాయి. 1931లో అంతర్జాతీయ సంస్థ సీఐఈ రంగును మూడు అంకెలతో కొలిచే పద్ధతిని ఖాయం చేసింది ఈ ఆధారంతోనే. కానీ లోపలి రసాయనాలు పూర్తిగా వేరైన రెండు రంగులు ఒక వెలుతురులో అవే మూడు అంకెలు ఇవ్వవచ్చు. వెలుతురు మారితే అంకెలూ మారిపోతాయి. దీన్ని మెటామెరిజం అంటారు. కంపెనీ వాడిన పిగ్మెంట్లు వేరు, మిక్సింగ్ సెంటర్‌లో ఉన్న మూల రంగులు వేరు. కాబట్టి ట్యూబులైటు కింద అన్నదమ్ముల్లా ఉన్న రెండు డోర్లు పగటి వెలుతురులో పరాయివి కావచ్చు. రంగుల పరిశ్రమ 6500 కెల్విన్ పగటి వెలుతురును ప్రమాణంగా పెట్టుకుంది. సాయంత్రం ఎండ అంతకంటే చాలా పసుపు, దీపాల సంగతి చెప్పనే అక్కర్లేదు. రంగు చూడాల్సింది పొద్దున పది తర్వాత, ఆరుబయట, నేరుగా ఎండ పడని చోట. తర్వాత ఎండలోనూ, లైటు కిందా మళ్లీ చూడాలి.

పెద్ద వర్క్‌షాపుల్లో ఇప్పుడు స్పెక్ట్రోఫోటోమీటరు ఉంటోంది. చేతిలో పట్టుకునే ఈ పరికరం రేకు మీద వెలుతురు వేసి, 15, 25, 45, 75, 110 డిగ్రీల లాంటి వేర్వేరు కోణాల్లో తిరిగొచ్చేది కొలుస్తుంది. పలుకులు ఏ వాలులో పడుకున్నాయో దానికి కొంతవరకు తెలుస్తుంది. రెండు రంగుల తేడాను డెల్టా-ఈ అనే అంకెలో చెబుతుంది. అది ఒకటి లోపు ఉంటే చాలామంది కళ్లు పట్టుకోలేవు. మంచి పరికరమే. దగ్గరి ఫార్ములా ఏదో క్షణాల్లో చూపిస్తుంది. ఆపైన గన్ కొట్టేది మాత్రం మనిషే, ఆరబెట్టేది ఆ రోజు గాలే.

అందుకే రంగు నూటికి నూరుపాళ్లు కలవదన్న ఎరుకతోనే ఈ వృత్తి తన గొప్ప ఉపాయాన్ని కనిపెట్టింది. షెడ్డులో తరచు వినిపించే మాటలివి:

“దెబ్బ ముందు డోరుకి కదా మేస్త్రీ, బాగున్న వెనక డోరును ఎందుకు గరుకు పట్టిస్తున్నావు?”

“రంగు అక్కడిదాకా పారించాలండి. ఈ డోరుతో ఆపేస్తే గీత గీసినట్టు కనపడిద్ది.”

ఆ మేస్త్రి చెప్పినదాని వెనక వందేళ్లకు పైబడిన కంటి శాస్త్రం ఉంది. 1865లో ఎర్నెస్ట్ మాక్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త ఒక విషయం గమనించాడు. వెలుతురు మారే అంచు దగ్గర మన కన్ను ఉన్న తేడా కంటే ఎక్కువ తేడా చూస్తుంది. ముదురు వైపు ఇంకా ముదురుగా, లేత వైపు ఇంకా లేతగా ఒక పట్టీ కట్టినట్టు కనిపిస్తుంది. ఎందుకలా అన్నది గుర్రపునాడా పీత కన్ను మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. అమెరికన్ శాస్త్రవేత్త హార్ట్‌లైన్ ఆ పీత కంటి నరాలను ఒక్కొక్కటిగా పరిశీలించాడు. వెలుతురు పడ్డ కణం తన పక్క కణాల సంకేతాన్ని అణచివేస్తుందని చూపించాడు. ఆ అణచివేత వల్లే అంచులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. 1967 నోబెల్ బహుమతిలో ఆయనకు వాటా దక్కింది. అంచును పట్టుకోవడంలో కన్ను ఇంత చురుకు గనక రెండు డోర్ల మధ్య సందు దగ్గర రవ్వంత తేడా ఉన్నా దొరికిపోతుంది. అదే తేడాను అంచు లేకుండా మూడడుగుల పొడవునా మెల్లమెల్లగా కరిగిస్తే కంటికి పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

బ్లెండింగ్ అంటే అదే. దెబ్బ తగిలిన చోట రంగు నిండుగా పడుతుంది. తర్వాతి కోటు దానికంటే కొంచెం ముందుకు, మరి కాస్త పల్చగా. ఆ తర్వాతది పక్క డోరు మీదికి పాకుతుంది. మణికట్టును విసిరినట్టు తిప్పి గన్ ట్రిగ్గర్ వదిలేస్తుంటే, పక్క డోరు నడిమికి వచ్చేసరికి తుంపర లేనట్టే అవుతుంది. ఆ చివర కారు అసలు రంగే ఉంటుంది. క్లియర్ కోట్ మాత్రం పక్క డోరు మొత్తానికీ అంచు నుంచి అంచు దాకా వేయాలి. క్లియర్‌ను పానెల్ మధ్యలో ఆపి థిన్నర్‌తో అంచు కరిగించే పని చవకే, కానీ కొన్నాళ్లకు ఎండ తగిలి ఆ అంచే లేచిపోతుంది. వెండి, ముత్యపు తెలుపు లాంటి రంగులకు పక్క పానెల్ ముట్టుకోకుండా పని చేస్తానని ఎవరైనా హామీ ఇస్తే ఒప్పుకోవద్దని నా మాట. బీమా మీద చేయిస్తుంటే ఈ పక్క పానెల్ ఖర్చు సంగతి సర్వేయరుతో ముందే మాట్లాడుకోవాలి.

బంపర్ విషయంలో మాత్రం కాస్త సర్దుకోవాలి. అది ప్లాస్టిక్. ఇనుప బాడీ కాలిన 140 డిగ్రీల ఓవెన్‌ను తట్టుకోలేదు, అందుకని ఫ్యాక్టరీలోనే దాన్ని విడిగా, తక్కువ వేడి మీద రంగేస్తారు. షోరూములో నిలబెట్టిన కొత్త కారునే వంగి చూడండి. ఫెండర్‌కూ బంపర్‌కూ చిన్న తేడా చాలా బండ్లలో కనిపిస్తుంది.

ఇంకో మాట మేస్త్రి ఊపిరితిత్తుల గురించి. హార్డ్‌నర్‌లోని ఐసోసైనేట్లు తుంపరగా లోపలికి పోతే ఆస్తమా తెస్తాయి. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తర్వాత కొద్దిపాటి ఆవిరికే ఊపిరాడదు. భోపాల్‌లో 1984లో లీకైన మిథైల్ ఐసోసైనేట్ ఈ కుటుంబానిదే. కార్ల హార్డ్‌నర్ దానిలా వాయువుగా ఎగిరిపోయేది కాదు. గన్ దాన్ని తుంపరగా చేసినప్పుడే ప్రమాదం ఎక్కువ. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు దుమ్మును ఆపుతుందేమోగానీ దీన్ని ఆపదు. దీనికి పైపు ద్వారా శుభ్రమైన గాలి అందించే మాస్కు కావాలి. కుర్రాళ్లు పని నేర్చుకునే చిన్న షెడ్లలో ఇది లేకపోవడం నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతుంది. రంగు ఎంత బాగా కలిసినా దాని ధర ఒక కుర్రాడి ఊపిరి కాకూడదు. నాలుగు వందలు తగ్గించమని బేరమాడే ముందు, గన్ పట్టుకున్నవాడి ముఖానికి ఏముందో చూడండి.

బండి తీసుకునేటప్పుడు ఎదురుగా ఒకసారి, రెండు వైపుల నుంచి వాలుగా ఒక్కోసారి చూడండి. ఎదురుగా కలిసి, పక్కనుంచి విడిపోతే పలుకుల వాలు తేడా. అన్నివైపులా ఒకేలా తేడా ఉంటే ఫార్ములా తేడా. ఏది తప్పిందో ఇలా తేల్చి చెబితే మేస్త్రికి సరిదిద్దడం సులువు. నెల రోజుల దాకా మైనం పాలిష్ పెట్టకూడదు, పొరలో మిగిలిన థిన్నర్ బయటికి పోవాలి. చివరగా, మిక్సింగ్ సెంటర్ ఇచ్చిన ఫార్ములా చీటీని, దాని మీద ఏ ఉపఛాయో, ఎన్ని కోట్లో, ఏ థిన్నరో మేస్త్రి చేత రాయించి, పరీక్షకు కొట్టిన రేకు ముక్కతో సహా అడిగి తీసుకోండి. ఆర్సీ బుక్కు పక్కన దాచుకుంటే, రేపు బాపట్లలో దెబ్బ తగిలినా రేపల్లెలో తగిలినా కొత్త మేస్త్రి మొదటినుంచి వెతుక్కోకుండా అక్కడినుంచే పని ఎత్తుకుంటాడు.